తలుపులున్న ఆఖరి క్వార్టర్

నాన్న దినాలు అయిపోయిన మర్నాడే క్వార్టర్ల సంగతి చూసే సారు మా ఇంటికి వచ్చాడు. మంచి మనిషే. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, నాన్న ఫోటో ముందు కాసేపు నిలబడ్డాడు. అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగాడు. లేచి వెళ్ళబోతూ, మా ముఖాలు చూడలేక గడప వైపు చూస్తూ అన్నాడు.

"ఇప్పటికిప్పుడు తొందరేం లేదమ్మా. మనిషి పోయినంక ఇంటోళ్ళకు కొంత గడువుంటది. ఆ లోపట మీ బిడ్డకు నౌకరి వస్తే మంచిదే. రాకుంటే మాత్రం క్వార్టర్ అప్పజెప్పాలె."

"సరే కొడుకా," అంది అమ్మ.

ఆయన వెళ్ళాక అమ్మ గ్లాసు కడగడానికి పెరట్లోకి వెళ్ళింది. ఎంతకూ రాలేదు. వెళ్ళి చూస్తే గ్లాసు చేతిలో పట్టుకొని వెనక గోడను చూస్తూ నిలబడి ఉంది. బొగ్గు గని కంపెనీ మాకిచ్చింది రెండు గదులూ ఒక వంటిల్లూ. పెరటి గోడ మాత్రం నాన్న తన రెస్టు రోజుల్లో ఇటుక మీద ఇటుక పెట్టి కట్టుకున్నది.

"అప్పజెప్పుడంటే ఈ గోడ గూడ అప్పజెప్పాల్నా?" అని అడిగింది.

 అప్పటిదాకా అది మా ఇల్లు కాదన్న ఆలోచనే నాకెప్పుడూ రాలేదు. నేను పుట్టింది అక్కడే. పెళ్ళయి వచ్చిన కొత్తలో అమ్మ పొయ్యి వెలిగించిందీ అక్కడే.

మాది గోదావరిఖనిలో, పైనుంచే నేల తవ్వి బొగ్గు తీసే ఓపెన్‌కాస్టు గనికి దగ్గరగా ఉన్న క్వార్టర్ల లైను. నాన్న భూగర్భ గనిలో పైకప్పు కూలకుండా ఆపులు పెట్టే పని చేసేవాడు. అంత కాలం గని లోపల ఆయనకేమీ కాలేదు. ఒక రెస్టు రోజు పొద్దున పెరట్లో గడ్డం గీసుకుంటూ గుండె పట్టుకొని కూర్చుండిపోయాడు, అంతే. సర్వీసులో ఉండగా పోయాడు కాబట్టి ఇంట్లో ఒకరికి నౌకరి రావాలి. నేను ఒక్కదాన్నే సంతానం. పెళ్ళి కాలేదు, చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పుకుంటున్నాను. ఆ నౌకరి కోసం దరఖాస్తు పెట్టుకున్నాను. మెడికల్ పరీక్షకు పిలవాలి. ఎప్పుడు పిలుస్తారంటే ఎవరూ ఇదమిత్థంగా చెప్పేవారు కాదు. "వస్తది, ఫికర్ చెయ్యకు" అనేవాళ్ళు.

ఫికర్ చెయ్యకుండా ఎలా ఉంటాం? మా లైనులో మనుషులు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. గని పెద్దదవుతూ మా వైపే వస్తోంది కనుక ఖాళీ అయిన క్వార్టర్ మళ్ళీ ఎవరికీ ఇవ్వడం లేదు. ఒకరు రిటైరై వెళ్ళిపోగానే ట్రాక్టర్ వచ్చేది. బయటివాళ్ళు జొరబడకుండా తలుపులూ కిటికీలూ ఊడబెరికి, ట్రాక్టర్లో వేసుకొని పోయేవారు. నిన్నటిదాకా మనిషి కూర్చున్న గడప అవతల ఉత్త చీకటి కనిపించేది. కుక్కలు పిల్లలు పెట్టేవి. పగటిపూటే ఎవరెవరో వచ్చి కూర్చొని తాగేవారు. బడి నుంచి వస్తూ ఆ ఇళ్ళ ముందు నడవాలంటే నా కాళ్ళు వాటంతటవే పరుగందుకునేవి.

మాకిచ్చిన గడువు ఒక మామూలు రోజున, ఏ చప్పుడూ లేకుండా దాటిపోయింది. ఎవరూ రాలేదు. వచ్చి ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది. రాకపోవడమే మమ్మల్ని తినేసింది. లైను మలుపులో జీపు చప్పుడైతే చాలు, అమ్మ చేతిలో పని అక్కడే ఆగిపోయేది. బడిలో బ్లాక్‌బోర్డు మీద రాస్తూ రాస్తూ నేను "ఇప్పుడు వచ్చారేమో" అనుకునేదాన్ని, చేతిలో చాక్‌పీసు విరిగేది.

అమ్మకు ఒకటే నమ్మకం. ఇంట్లో మనిషి ఉన్నంతసేపు ఎవరూ ఏమీ చెయ్యలేరు, తాళం పడిందంటే ఇల్లు పోయినట్టే. నాన్న డ్యూటీ బూట్లు తుడిచి గడప పక్కనే పెట్టేది, మగమనిషి ఉన్నట్టు కనబడాలని. ఇల్లు విడిచి సంతకు కూడా వెళ్ళడం మానేసింది. బెల్లంపల్లిలో మా పెద్దమ్మ, అంటే అమ్మ సొంత అక్క, చనిపోయినట్టు ఫోను వచ్చిన రోజు నేను బ్యాగు సర్దుతుంటే అమ్మ కదలలేదు.

"నువ్వు పోయి రా బిడ్డా. నేనొస్తే ఇల్లెవరు చూడాలె?"

"నీ తోడబుట్టింది గదమ్మా. ఒక్క పూట..."

"ఒక్క పూట చాలదా వాళ్ళకు?"

పెద్దమ్మ శవం దగ్గర అందరూ నన్నే అడిగారు, మీ అమ్మ ఏదని. ఒంట్లో బాగాలేదని చెప్పాను. తిరిగి వచ్చేసరికి అమ్మ గడపలోనే కూర్చొని ఉంది, ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయి.

ఆ అబద్ధం కొద్ది రోజులకే నిజమైంది. అమ్మకు కడుపునొప్పి మొదలైంది. తిన్నదల్లా కక్కేది. నొప్పి వీపులోకి పాకితే గోడకు ఒరిగి పళ్ళు బిగించేది. కరీంనగర్ దవాఖానలో చూపిస్తే పిత్తాశయంలో రాళ్ళున్నాయి, ఆపరేషన్ చెయ్యాలి, ఆలస్యమైతే ప్రమాదం అన్నారు. అమ్మ వినలేదు. మందులతోనే తగ్గుతుందని మొండికేసింది.

చివరికి మా లైను చివరన ఉండే అక్క వచ్చి కూర్చుంది. మేం కాకుండా ఆ లైనులో మిగిలింది ఆ ఒక్క కుటుంబమే. ఆమె మామ రిటైరయ్యాడు, మంచిర్యాలలో కట్టుకుంటున్న ఇల్లు పూర్తయ్యేదాకా ఇక్కడే ఉంటున్నారు.

"చిన్నమ్మా, నేను లేనా? నీ ఇంట్ల నేను పండుకుంటా, నీ పొయ్యి మీదనే వండుకుంటా. నువ్వు పాణంతోని ఉంటెనే గదా ఇల్లు," అంది ఆ అక్క.

ఆ మాట మీద అమ్మ బయలుదేరింది. ఆటో ఎక్కాక కూడా వెనక్కి తిరిగి తిరిగి చూసింది.

ఆపరేషన్ బాగానే అయింది. అయితే కుట్లు విప్పకముందే అక్క ఫోను చేసింది. ఆమె గొంతులోనే తెలిసిపోయింది నాకు.

"చెల్లె, మమ్ముల ఇయ్యాల్నే ఖాళీ చెయ్యమన్నరే. సామాను ఎక్కిచ్చినం. ఏం చెయ్యాల్నో తోస్తలేదు. మీ ఇంటికి తాళం ఏసిన, చెవి నా తాననే ఉన్నది."

వార్డు బయట వరండాలో గోడకు ఆనుకొని నిలబడ్డాను. లోపల అమ్మ మంచం మీద నుంచి "ఎవరే? ఇంటి కాడ అంత మంచిదేనా?" అని అడుగుతోంది. మంచిదేనని చెప్పాను. ఆ తర్వాత దవాఖానలో ఉన్నన్ని రోజులూ కళ్ళు మూసుకుంటే ట్రాక్టర్లో మా తలుపు పోతున్నట్టే ఉండేది.

డిశ్చార్జి అయిన రోజు మధ్యాహ్నం బస్సు దిగి ఆటోలో వచ్చాం. దారిలో అమ్మకు అసలు సంగతి చెప్పాను. ఆమె కడుపు మీద చెయ్యి పెట్టుకొని ముందుకు వంగి కూర్చుంది. లైనులోకి తిరగగానే అక్క వాళ్ళ ఇల్లు కనిపించింది. తలుపుల్లేవు, కిటికీల్లేవు. అమ్మ నా మోచేయి పట్టుకుంది. తర్వాత మా ఇల్లు కనిపించింది. మా తలుపు ఉంది.

దేవుడా అనుకున్నాను. అప్పుడే తిరగమోత వాసన వచ్చింది.

తలుపు లోపల గడియ పెట్టి ఉంది. అక్క వేసిన తాళం పగిలి గడప కింద పడి ఉంది. తలుపు కొట్టాను. చాలాసేపటికి కొద్దిగా తెరుచుకుంది. నాకంటే చిన్నది, ఇరవై దాటి ఉండదు, చంకలో పసిపిల్లతో ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఇంకో చేతిలో రోకలి ఉంది.

"ఎవరు గావాలె?" అంది.

మా ఇంటి గడపలో నిలబడి ఆ ప్రశ్న విన్నాను. అమ్మే చెప్పింది.

"మాది బిడ్డా ఈ ఇల్లు. జెర జరుగు, నాకు నిలబడొస్తలేదు."

ఆ అమ్మాయి రోకలి కింద పడేసింది. అమ్మను మంచం మీద పడుకోబెట్టాను. అది మా మంచమే. మా సామానంతా వెనక గదిలో ఒక మూలకు జరిపి, పైన దుప్పటి కప్పి ఉంది. ఏదీ పోలేదు. నాన్న ఫోటో మాత్రం గోడకు తిప్పి పెట్టి ఉంది.

"ఫోటో ఎందుకు తిప్పినవ్? ఎవరడిగిన్రు నిన్ను?" అని అరిచాను.

"భయమైందక్కా," అంది ఆ అమ్మాయి ఏడుస్తూ. "మా ఆయన షిఫ్టుకు పోతే నేనొక్కదాన్నే. ఈ ఇంట్లకెందుకు జొచ్చినవని ఆ ఫోటోల పెద్దమనిషి నన్నే అడుగుతున్నట్టుండె."

ఆమె భర్త గనిలో మట్టి తవ్వి పోసే కాంట్రాక్టు పనివాడు. కాంట్రాక్టువాళ్ళకు క్వార్టర్లు ఉండవు. వాగు పక్కన వేసుకున్న గుడిసె మొన్నటి వానకు కూలిపోయింది. పసిపిల్లను ఎత్తుకొని ఎక్కడెక్కడో తిరిగి, ఈ లైనంతా ఖాళీదే అని ఎవరో చెబితే వచ్చారు.

"అన్ని ఇండ్లు చూసినం. దీనికే తలుపులున్నయి అక్కా," అంది. "పిల్లను పెట్టుకొని తలుపుల్లేని ఇంట్ల ఎట్లుండాలె?"

నేను వినే స్థితిలో లేను. ఫోను తీశాను. సెక్యూరిటీ వాళ్ళ నంబరు నాన్న కాలం నుంచీ నా ఫోన్లో ఉంది. నొక్కబోతుంటే మంచం మీద నుంచి అమ్మ అడిగింది.

"ఎవలకు జేస్తున్నవే?"

"సెక్యూరిటోళ్ళకు."

"ఏమని చెప్తవు?"

"మా ఇంట్ల ఎవరో జొచ్చిన్రని..."

చెబుతూ చెబుతూ నాకే అర్థమైంది. వాళ్ళు వస్తారు. ఈ అమ్మాయిని బయటికి నడవమంటారు. తర్వాత నా వైపు తిరిగి, మరి మీరెవరమ్మా అంటారు. గడువు దాటిపోయినవాళ్ళం. ఆ అమ్మాయిది తాళం పగలగొట్టి వచ్చిన తప్పు, మాది వెళ్ళకుండా ఉండిపోయిన తప్పు. ఆ జీపు వచ్చిందంటే ఇద్దరినీ ఒకే రోడ్డు మీద నిలబెడుతుంది. ఫోను పక్కన పెట్టాను.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన ఆమె భర్త గుమ్మంలో నన్ను చూసి అక్కడే ఆగిపోయాడు. ఒళ్ళంతా దుమ్ము. "ఇప్పుడే పోతమక్కా, కేసు మాత్రం పెట్టకున్రి. నా పని పోతది," అన్నాడు. పోతామని అన్నాడే కాని ఎక్కడికో అతనికీ తెలియదు. అమ్మ కుట్ల మీద చెయ్యి పెట్టుకొని మెల్లగా అంది.

"ఏడికన్న దొరికేదాక ముందలి అర్రల ఉండున్రి. మనుషులెక్కువుంటే మంచిదే."

అది దయో భయమో ఇప్పటికీ నాకు తెలియదు. మళ్ళీ తాళం పడకుండా ఉండటానికి అమ్మకు మనుషులు కావాలి. వాళ్ళకు తలుపు కావాలి. అలా, ముందు గదిలో వాళ్ళు, వెనక గదిలో మేము, కలిసి ఉన్నాం. ఆ అమ్మాయి అమ్మకు జావ కాచి ఇచ్చేది, నేను బడికి పోతే ఒంటికి నూనె రాసేది. నాన్న ఫోటోను తనే తిరిగి సరిగా పెట్టింది. మధ్యాహ్నం గనిలో పేలుడుకు ముందు సైరన్ మోగేది. ఆమె పిల్ల చెవులు మూసేది. తర్వాత భూమి కదిలి, సజ్జ మీద గిన్నెలు ఒకదానికొకటి తగిలి మోగేవి. ఆ చప్పుడుకు మేమెవరం భయపడేవాళ్ళం కాదు. అది ఆగాక వచ్చే నిశ్శబ్దంలో జీపు వినబడుతుందేమోనని చెవులు రిక్కించేవాళ్ళం.

ఒక ఆదివారం ఆ జీపు వచ్చింది, వెనకే ట్రాక్టర్.

మా ఎదుటి వరసలో మిగిలిన కిటికీ చట్రాలు పీకడానికి వచ్చారు. గోడలో గడ్డపార దిగుతున్న చప్పుడు, ఇటుక పెళ్ళలు రాలుతున్న చప్పుడు. అమ్మాయి పిల్లను ఎత్తుకొని స్నానాల గదిలోకి పరుగెత్తింది.

"ఇవతలికి రా," అని పిలిచింది అమ్మ. ఆ గొంతు అంత గట్టిగా ఉండటం నాన్న పోయాక అదే మొదటిసారి. "దాక్కుంటెనే దొంగలమైతం. ఈడ గూసో, బియ్యమేరు."

చాటలో బియ్యం పోసి ఆమె ముందు పెట్టింది. అమ్మాయి ఏరుతోంది కానీ వేళ్ళు బియ్యం మీద నిలవడం లేదు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. క్వార్టర్ల సారు మా అరుగు దాకా వచ్చాడు. ఈసారి చెప్పులు విడవలేదు.

"ఇంక ఈడనే ఉన్నరామ్మా?"

"బిడ్డ నౌకరి కోసం చూస్తున్నం సారూ," అంది అమ్మ.

ఆయన లోపలికి చూశాడు. "వీళ్ళెవరు?"

 ఎవరని చెప్పినా ఒక ప్రమాదమే. చుట్టాలంటే రుజువేదంటాడు. కిరాయికి ఇచ్చారనుకుంటే నాకు రావలసిన నౌకరికే అడ్డం పడొచ్చు. అమ్మ మాత్రం తొణకలేదు.

"మొన్న నాకు ఆపరేషన్ అయింది సారూ. ఈ పిల్లనే నాకు చేస్తున్నది."

అందులో అబద్ధం లేదు. ఆయనకు మిగతాది అర్థమయ్యే ఉంటుంది. చాలాసేపు పసిపిల్లను చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, కోపం లేకుండానే అన్నాడు.

"చూడు బిడ్డా, నా చేతుల ఏం లేదు. పైనోళ్ళు అడుగుతున్నరు. మళ్ళ ట్రాక్టర్ వచ్చిందంటే ఈ ఇంటికే వస్తది. నేనాపలేను."

ఆయన మనిషి ఒకడు మా గోడ మీద ఎర్ర రంగుతో గీత కొట్టి వెళ్ళాడు. జీపు మలుపు తిరిగేదాకా ఎవరం కదలలేదు. తర్వాత అమ్మాయి చాట మీదే ఒరిగిపోయి వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ కింద చెదిరిన బియ్యం చాటలోకి ఎత్తింది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో సరిగా చెప్పలేను. సామాను మూటలు కట్టాం. వంటకు గిన్నెలు కావాలని విప్పేవాళ్ళం, మళ్ళీ కట్టేవాళ్ళం. నేను బడికి పోవడం మానేశాను. అమ్మాయి భర్త డ్యూటీకి పోతూ "అక్కా, ఏమన్నయితే ఫోన్ చెయ్యి" అనేవాడు. ఫోను చేస్తే వచ్చి ఏం చేస్తాడో ఇద్దరికీ తెలియదు.

ట్రాక్టర్ కంటే ముందు మెడికల్‌కు పిలుపే వచ్చింది.

పరీక్ష గదిలో నా బీపీ చూసిన డాక్టరమ్మ కనుబొమలు ముడిచింది. ఎక్కువగా ఉంది, కాసేపు బయట కూర్చో అంది. బయట బల్ల మీద కూర్చున్నంతసేపు నాలో నేను రక్తంతో మాట్లాడుకున్నాను, కొంచెం ఆగు, కొంచెం నెమ్మదించు అని. భయపడితే బీపీ పెరుగుతుంది. పెరిగితే నౌకరి రాదు. రాకపోతే ఇల్లు పోతుంది. అది తలచుకుంటే మళ్ళీ భయం. రెండోసారి చూసినప్పుడు కొద్దిగా తగ్గింది. మూడోసారికి "ఏంటమ్మా అంత భయం, ఇది సూది కూడా కాదు కదా" అని నవ్వి, ఫిట్ అని రాసింది.

నాకు నస్పూర్ దగ్గరి గనిలో, ఉపరితలంపై పని ఇచ్చారు. అక్కడే క్వార్టర్ కూడా నా పేరు మీద వచ్చింది. గోదావరిఖని ఇల్లు మాత్రం అప్పజెప్పాల్సిందే. ఈ మాట ఇంట్లో చెప్పినప్పుడు అమ్మ నా తల నిమిరింది. అమ్మాయి కూడా నవ్వింది, "మంచిగైందక్కా" అంది. అంటూనే పిల్లను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఆమె ఏం అడగబోయి ఆగిందో నాకు తెలుసు.

వాళ్ళాయనకు గని అవతలి ఊర్లో ఎవరిదో ఖాళీ జాగాలో నాలుగు గుంజలు పాతుకోవడానికి ఒప్పుకున్నారు. మేం ఖాళీ చేసే పొద్దున అమ్మ అతన్ని పిలిచి, స్నానాల గది మీదికి నిచ్చెన వెయ్యమంది. పైన ఉన్న రేకులు నాన్న కొని వేసినవి.

"ఇవి కంపెనీయి గావు కొడుకా. దించుకొని పో."

అతను రేకులు దించుతుంటే అమ్మ కింద నిలబడి మేకులు ఏరింది. పగిలినదాని బదులు కొన్న కొత్త తాళం చెవిని నేను క్వార్టర్ల సారు చేతికి ఇచ్చాను. ట్రాక్టర్ అప్పటికే అరుగు ముందు ఆగి ఉంది. తలుపు ఊడదీయడం చూడొద్దని అమ్మను ఆటోలో కూర్చోబెట్టాను కానీ, మలుపు దాటేదాకా గడ్డపార చప్పుడు మా వెంటే వచ్చింది.

నస్పూర్‌కు వచ్చి ఇప్పటికి కొన్నేళ్ళయింది. ఇల్లు బాగుంది. ఇరుగుపొరుగు మంచివాళ్ళు. ఆ అమ్మాయి అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. రేకుల గుడిసె నుంచి కూడా వాళ్ళు లేవాల్సి వచ్చింది. ఇప్పుడుంటున్నది మూడో చోటు. పిల్ల అంగన్‌వాడీకి పోతోందని, చోటు మారినప్పుడల్లా కొన్ని రోజులు అన్నం ముట్టదని చెబుతుంది.

పోయిన వానాకాలం డ్యూటీలో మెట్ల మీద కాలు జారి పడ్డాను. మడమ వాచిపోయింది. చుట్టూ మనుషులు చేరి నీళ్ళు తాగిస్తున్నారు. నొప్పి నిజంగా చాలా ఎక్కువ ఉంది. కానీ ఆ క్షణంలో నాకు తోచింది ఎముక గురించి కాదు. దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు ఎత్తి చూస్తుంటే, ఆయన నోరు తెరవకముందే అడిగాను.

"సార్, నౌకరికైతే ఏం కాదు గద?"

ఆయన నా వైపు వింతగా చూశాడు. బెణుకే, కొన్ని రోజులు రెస్టు తీసుకో అన్నాడు. ఆయన చెప్పిన రెస్టు నేను పూర్తిగా తీసుకోలేదు. కుంటుకుంటూనే డ్యూటీ ఎక్కాను.